కంచు పిల్ల టీచరమ్మ

ఈరోజు సూపర్‌మార్కెట్లో కూరగాయలు తూచే చోట ఒకావిడ నిలబడి ఉంది. కుడిచెయ్యి నడుం మీద, గడ్డం కాస్త పైకి, కళ్ళు సగం మూసి. తూచే అతను ఆమె బెండకాయల సంచికి వంకాయల చీటీ అంటించాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఊరికే అలా చూస్తూ నిలబడింది. అతను తనంతట తనే సంచి వైపు ఇంకోసారి చూసి, నాలిక కరుచుకుని, చీటీ పీకి సరైనది అంటించాడు. నేను ట్రాలీ తోసుకుంటూ గబగబా వెళ్ళి ఆవిడ ముఖం చూశాను. కాదు. ఎలా అవుతుంది? మా టీచరమ్మ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి వచ్చే వీసా లేకుండా, రంజాన్‌కు ముందే సౌదీలోని ఈ జుబైల్ వదిలి వెళ్ళిపోయింది.

పిల్ల పడుకుంది. ఆయన షిఫ్టు నుంచి రావడానికి ఇంకా టైముంది. మామూలుగా ఈ టైములో నేను ఫోన్లో పిల్లల సమస్యల గురించి చదివి, చదివినవన్నీ మా పిల్లకు ఉన్నాయని భయపడుతూ కూర్చుంటాను. ఈరోజు దానికి బదులు ఆమె గురించి రాద్దామనిపించింది.

ఆమె నాకు పాఠం చెప్పిన టీచరేమీ కాదు. ఇక్కడి ఇండియన్ స్కూల్లో చాలా ఏళ్ళు సోషల్ చెప్పిందట. మేము ఈ బిల్డింగ్‌కు వచ్చేసరికి మానేసి ఇంట్లో ఉంటోంది. మాకు టీచరమ్మ, హైదరాబాద్ వాళ్ళకు మేడమ్, ఎదురు ఫ్లాట్ కరాచీ ఆవిడకు ఆపా. సొంతూరు ప్రొద్దుటూరు. అంతకు మించి ఆమె జీవితం గురించి నాకు పెద్దగా తెలియదు. సొంత కథ అడిగితే ఏదో ఒక మలుపులో మాట నాలుగున్నర వేల ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయేది.

దానికి కారణం ఆమె వంటింట్లో ఉండేది. ఉప్పు డబ్బాకూ చింతపండు జాడీకీ మధ్య, స్టవ్‌కు కొంచెం ఎడంగా, మొహెంజొదారో కంచు బొమ్మ. నకలే. అసలుది ఢిల్లీ మ్యూజియంలో ఉంది. స్కూలు పుస్తకాల్లో అందరం చూసిందే: సన్నటి పిల్ల, ఎడమ చేతికి మణికట్టు నుంచి భుజం దాకా గాజులు, కుడి చేతికి నాలుగే, ఆ కుడిచెయ్యి నడుం మీద.

ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళినవాళ్ళకు టీ కంటే ముందు ఒక ప్రశ్న వచ్చేది.

"అసలు బొమ్మ ఎంత పొడుగుంటాది, చెప్పు చూస్తాం."

నేను నడుం దాకా చెయ్యి పెట్టి చూపించాను. మా ఆయన ఇంజనీరు కాబట్టి కొంచెం ఆలోచించి భుజం దాకా పెట్టాడు. ఆమె పడీ పడీ నవ్వి, వంటింట్లోంచి బొమ్మను తెచ్చి మా ఆయన అరచేతిలో పడుకోబెట్టింది. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా కూడా లేదు.

"ఇంతే. నకలు కూడా సరిగ్గా అంతే సైజు. పుస్తకంలో పేజీ నిండా వేస్తారు గదా, అందరూ నిలువెత్తు మనిషి అనుకుంటారు. ఆ నిలబడిన తీరు అట్లాంటిది. ఎత్తు కాళ్ళల్లో ఉండదు సార్, నడుం మీది చేతిలో ఉంటాది."

"నాట్యగత్తె అంటారు కదండీ," అన్నాను, నాకూ కొంత తెలుసని చెప్పుకోవడానికి.

"ఎవరు చూసినారమ్మే ఆమె ఆడతాంటే? నిలబడుకోనుంది, అంతే. బస్సు రాకపోతే నిలబడమా మనం? నాకైతే ఎవరో ఏదో అబద్ధం చెప్తాంటే, కానీ, నువ్వు కానిచ్చినాక నేను చెప్తా అని నిలబడినట్టుంటాది."

నడుం మీద చెయ్యి వేసుకోవడంలో రెండు రకాలున్నాయని ఆమె సిద్ధాంతం. నొప్పి చెయ్యి వేరు, నమ్మని చెయ్యి వేరు. నొప్పి చేతికి బొటనవేలు ముందుకొస్తుంది, నమ్మని చేతికి వెనక్కి పోతుందని చూపించేది. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. ఆమెది మాత్రం ఎప్పుడూ రెండో రకమే. కింది బకాలా కొట్లో పాల ప్యాకెట్ తేదీ చూసేటప్పుడు, లిఫ్టు మెకానిక్ "ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నప్పుడు, చెయ్యి దానంతటది నడుం మీదికి చేరేది.

నమాజు తప్పని మనిషి ఇంట్లో బొమ్మేమిటని కొందరికి ఉండేది. ఒకసారి నా ఎదురుగానే ఒకావిడ అడిగేసింది కూడా.

"బొమ్మ కాదు, నా స్టూడెంటు," అంది టీచరమ్మ. "ఆఖరి బెంచీ. హోంవర్క్ చెయ్యదు, అడిగితే ఇట్ల చూస్తాది. ఎన్నేండ్ల నుంచి చెప్తాండా, ఇంకా మాట వినలే."

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించినప్పుడు కూడా ఇదే జవాబు చెప్పిందట. మనవాళ్ళంతా చిన్న దేవుడి ఫొటో తేవాలన్నా చీరల మడతల్లో దాచి, పైన ఆవకాయ డబ్బా పెట్టి తెచ్చే రోజులవి. ఈమె బొమ్మను హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన వేసుకొచ్చింది. ఆఫీసరు తీసి అటూ ఇటూ తిప్పి ఏంటిదన్నాడు.

"తాలిబా, అన్నా. అంటే స్టూడెంటని. ఆయప్ప బొమ్మను చూసినాడు, నన్ను చూసినాడు. పాసయిందా అన్నాడు. ఇంకా లేదయ్యా అన్నా. నవ్వి బ్యాగులో పెట్టినాడు."

కరాచీ ఆవిడతో మాత్రం ఆ బొమ్మ మీద రోజూ యుద్ధమే. మొహెంజొదారో ఉన్నది సింధ్‌లో కదా. ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి ఉర్దూలో పోట్లాడుకునేవాళ్ళు. నాకర్థమైనంత వరకు అది ఇలా సాగేది.

"మా ఊరి పిల్లను మీరు ఎత్తుకుపోయారు ఆపా."

"పెండ్లయిన పిల్ల పుట్టింట్లో ఉంటాదా?"

"పెళ్ళికి మమ్మల్ని పిలవనే లేదే."

"పిలిచేటోళ్ళమే. అదే టైంలో మీరు వేరు కాపురం పెడితిరి."

అంటూనే చేతిలోని గిన్నెలు మార్చుకునేవాళ్ళు. అటు నుంచి బిర్యానీ, ఇటు నుంచి ఉగ్గాని.

ఇప్పుడు మా చిన్ని సంగతి చెప్పాలి. ఎందుకంటే టీచరమ్మ నాకు దగ్గరైంది దాని వల్లే.

చిన్నికి ఐదో ఏడు నడుస్తోంది. ఇంట్లో వాగుడుకాయ. గుమ్మం దాటితే చాలు, నోటికి తాళం. స్కూల్లో ఒక్క మాట లేదు. పార్కులో లేదు. కాకినాడ నుంచి మా అత్తగారు వీడియో కాల్ చేస్తే సోఫా కిందికి దూరుతుంది. చెవులు చూపించాం, బాగున్నాయన్నారు. గొంతు చూపించాం, బాగుందన్నారు. కొందరు పిల్లలు అంతే, ఒత్తిడి పెట్టకండి అన్నారు. ఒత్తిడి పెట్టకుండా ఉండడం ఎలాగో నాకెవరూ చెప్పలేదు. స్కూలు నుంచి రాగానే "ఈరోజు మాట్లాడావా?" అని అడిగేదాన్ని. అది తల అడ్డంగా ఊపేది. నా ముఖం చూసి, మర్నాటి నుంచి నిలువుగా ఊపడం నేర్చుకుంది. ఇంతలో కేజీ టీచర్ పిలిచి, సంవత్సరం చివర నోటి పరీక్ష ఉంటుంది, అందులో అసలు పలకకపోతే ఫస్ట్ క్లాసుకు పంపడం కష్టం, మళ్ళీ కేజీలోనే కూర్చోబెట్టాల్సి ఉంటుందని మెత్తగానే చెప్పింది. నాకు మాత్రం మెత్తగా వినపడలేదు.

ఆ రోజుల్లోనే, మేమింకా వాళ్ళింటికి వెళ్ళకముందు, లిఫ్టులో టీచరమ్మ ఎదురైంది. వంగి, "నీ పేరేంది పాపా?" అంది. నేను వెంటనే పేరు చెప్పాను. "ఏం చదువుతాండావు?" కేజీ అండీ అన్నాను. "ఇష్టమైన రంగేంది?" పసుపండీ అన్నాను.

ఆమె మెల్లగా లేచి నిలబడింది. చెయ్యి నడుం మీదికి వెళ్ళింది.

"నీ ఇష్టమైన రంగు పసుపా? బాగుంది. ఆ పిల్లది ఏం రంగో?"

నాకు సిగ్గేసింది. "అది బయట మాట్లాడదండీ."

"మాట్లాడకపోతే ఏమైతాది? లిఫ్టు ఆగిపోతాదా?"

లిఫ్టు ఆగింది, మా అంతస్తు వచ్చింది కాబట్టి. ఆమె దిగుతూ, "చూడు, ఆగింది. తప్పు నాదే," అంది. చిన్ని నా అబాయా వెనక నుంచి తొంగి చూసి నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమె చిన్నిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె దగ్గర వేరే పద్ధతి ఉంది. స్కూల్లో దానికి పేరు పడిందట. బోర్డు మీద తప్పు రాసి, ఏమీ తెలియనట్టు పాఠం చెప్పుకుంటూ పోవడం. గంగానది అరేబియా సముద్రంలో కలుస్తుందని రాసేదట. క్లాసంతా గొల్లుమని లేచేదట. "ప్రశ్న అడిగితే తెలిసినోడే చెయ్యెత్తుతాడు. తప్పు చెప్తే తెలియనోడు గూడా లేస్తాడమ్మే," అనేది.

చిన్ని మీద ఇదే ప్రయోగించింది. శుక్రవారం మధ్యాహ్నాలు బిల్డింగ్ పిల్లలను హాల్లో కూర్చోబెట్టుకుని మైనంతో బొమ్మలు చేయించేది. మైనం బొమ్మ చేసి, చుట్టూ మట్టి మెత్తి, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు, మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది, ఆ కంచు పిల్ల అలాగే పుట్టింది అని చెప్పేది. పిల్లలు చేసేది మైనం దాకానే. అక్కడ చిన్ని పక్కన కూర్చుని, "ఇదో, ఈ ఏనుగుకు రెక్కలు ఎంత బాగున్నాయో," అనేది చెవులను పట్టుకుని. చిన్ని నవ్వేది. "పిల్లి మొరుగుతాంది, కుక్కకు పాలు పొయ్యాల," అనేది. చిన్ని ఇంకా నవ్వేది. పలికేది కాదు. వారాలు గడిచాయి. ఆమె దగ్గర తప్పులు అయిపోయాయేమో అనిపించింది నాకు. కానీ ఒకటి జరిగింది. చిన్ని తనంతట తనే వంటింట్లోకి వెళ్ళి ఆ కంచు బొమ్మను తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకునేది. దాని గాజుల మీద వేలితో రాస్తూ, దాని ముఖంలోకి చూస్తూ గంటసేపు కూర్చునేది.

"ఇద్దరూ మాట్లాడరు. మంచి జోడీ," అనేది టీచరమ్మ. నేను కంగారుగా చూస్తే, "మైనం కరగనీమ్మే, తొందరపడబాకు," అనేది. అన్నం ఉడకకపోయినా, ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ ఆలస్యమైనా ఆమె అనే మాట అదే.

తరువాత స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ వచ్చింది. ఈ పోటీలంటే ఇక్కడి తల్లులకు పూనకం. వేషం వెయ్యడం ఒక్కటే కాదు, పిల్ల స్టేజీ ఎక్కి మైకులో తనెవరో చెప్పాలి. నేను పేరివ్వనన్నాను. కేజీ టీచర్ "ప్రయత్నించండి, నోటి పరీక్షకు ముందు స్టేజీ అలవాటవుతుంది," అంది. ఇంటికొచ్చి టీచరమ్మ ముందు ఏడ్చాను.

ఆమె వంటింట్లోకి వెళ్ళి బొమ్మను తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"ఈ వేషం వెయ్యి. మాట్లాడే పని లేదు. నాలుగున్నర వేల ఏండ్ల నుంచి ఒక్క ముక్క మాట్లాడలే, ఎవురన్నా ఫెయిల్ చేసినారా?"

చిన్ని బొమ్మను చూసి తలూపింది. నిలువుగా. నిజంగానే.

గోధుమరంగు నిండు చేతుల బనియను, అదే రంగు లెగ్గింగు దొరికాయి. గాజుల దగ్గరే చిక్కొచ్చింది. అంత చిన్న చేతికి మణికట్టు నుంచి భుజం దాకా కంచు రంగు గాజులు ఎక్కడి నుంచి తెస్తాం? దారి చూపింది మా ఆయనే. ప్లాంటులో పైపులు కలిసే చోట చమురు కారకుండా రబ్బరు రింగులు పెడతారు, ఓ-రింగులంటారు. వాటిలో ఒక రకం సరిగ్గా ఆ గోధుమ రంగే. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ అయ్యాక గడువు దాటినవి పారేస్తుంటే, పైవాళ్ళనడిగి సైజుల వారీగా ఏరి తెచ్చాడు. సింకులో సబ్బుతో రెండుసార్లు కడిగాడు.

"వీటికి మా దగ్గర ప్రెషర్ టెస్టు పెడతారు తెలుసా," అన్నాడు ఆరబెడుతూ.

"నాకూ పెడుతున్నారు. నేను కారిపోయేలా ఉన్నాను," అన్నాను.

"నీకు గడువు దాటలేదులే. కాస్త బిగించాలంతే."

పోటీ రోజు స్టేజీ పక్క గది సంత లాగా ఉంది. ఒక పక్క ఖర్జూరం చెట్టు ఏడుస్తోంది. ఒక పక్క గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, కూజా వేషం పిల్లాడికి ముక్కు దగ్గర కొమ్ము ఊడిపోయింది. పిన్నీసులు, అరుపులు. టీచరమ్మ చిన్నిని గోడకున్న పెద్ద అద్దం ముందు నిలబెట్టి, తను వెనక మోకాళ్ళ మీద కూర్చుని, అద్దంలో చూసుకుంటూ రింగులు ఒక్కొక్కటే తొడిగింది. ఫోన్లో బొమ్మ ఫొటో తెరిచి అద్దం అంచున ఆనించింది. ఫొటోలో గాజుల చెయ్యి మన చూపుకు కుడివైపు ఉంటుంది. అద్దంలో కూడా కుడివైపే ఉంది.

"చూడమ్మే. అచ్చు అదే. అచ్చు గుద్దినట్టు," అంది వెనక్కి వంగి మురిసిపోతూ.

నేనూ చూశాను. నిజంగా అచ్చు అలాగే ఉంది. చెయ్యి నడుం మీద పెట్టించి చూద్దామనుకునేలోపే మా నంబరు పిలిచారు.

చిన్ని ఒక్కతే స్టేజీ మధ్యకు నడిచింది. నేను తెర పక్కన టీచరమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. యాంకర్ టీచర్ ఇంగ్లీషులో రెండు వాక్యాలు చదివింది, ఈమె మొహెంజొదారో కంచు బాలిక అని. మైకు చిన్ని ముందు స్టాండులో ఉంది. చిన్ని చెయ్యాల్సింది ఒక్కటే, కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుని గడ్డం ఎత్తి నిలబడడం.

చెయ్యి వంగలేదు.

రబ్బరు రింగులు మణికట్టు నుంచి భుజం దాకా కుడి చేతికే ఉన్నాయి. మోచెయ్యి వంచుదామంటే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. చిన్ని మళ్ళీ ప్రయత్నించింది. చెయ్యి కర్రలాగా పక్కకు లేచి వచ్చేసింది. హాల్లో ఎవరో నవ్వారు. వెళ్ళి ఎత్తుకొచ్చేద్దామని అడుగు ముందుకేశాను. టీచరమ్మ కదల్లేదు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఒక చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

చిన్ని తన కుడిచేతిని చూసుకుంది. ఎడమచేతిని చూసుకుంది. తరువాత స్పష్టంగా, మైకులో, హాలంతా వినపడేలా అంది:

"ఈ చెయ్యి కాదు."

యాంకర్ వంగింది. "యెస్, డియర్?"

"గాజులు ఈ చేతికి కాదు. ఆ చేతికి. టీచరమ్మ తప్పు వేసేసింది."

హాల్లో సగం మందికి తెలుగు రాదు. వచ్చిన సగం మంది ఘొల్లున నవ్వారు. చిన్ని పట్టించుకోలేదు. స్టేజీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రింగులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంది. తీసినవన్నీ మళ్ళీ ఒక్కొక్కటే ఎడమచేతికి ఎక్కించడం మొదలుపెట్టింది. యాంకర్ సాయం చెయ్యబోతే, "నేను వేసుకుంటా," అంది. టైమైపోయిందని బెల్లు కొట్టారు. చిన్ని వేసుకుంటూనే ఉంది. తరువాతి నంబరు వ్యోమగామి సగం స్టేజీ ఎక్కి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. చివరి రింగు భుజం దగ్గరకు చేరాక లేచింది. కుడిచెయ్యి నడుం మీద పెట్టింది. గడ్డం ఎత్తింది. కళ్ళు సగం మూసింది. మాతో సహా అందరినీ అలా ఒక చూపు చూసి, దిగి వచ్చేసింది.

ప్రైజు గహ్వా కూజాకు వచ్చింది. సంతోషంగా ఇచ్చుకోమనండి.

ఇంటికి వచ్చే దారిలో నేను టీచరమ్మ చెయ్యి వదల్లేదు. ఏడుస్తూ నవ్వుతూ, "మీరు కావాలనే కదూ తప్పు చేతికి వేశారు. మీ పద్ధతే కదూ. నాకైనా చెప్పలేదు," అన్నాను.

ఆమెకు కోపమొచ్చింది. ఆమెకు కోపం రావడం చూసింది ఆ ఒక్కసారే.

"ఏమ్మే, పిచ్చా నీకు? కావాలని చేసేదాన్నయితే అద్దంలో చూసుకోని అంత మురిసిపోతానా? నిజంగానే తప్పు చేసినా. అద్దంలో చూసి తొడిగినా, ఎడమ కుడి అయిపాయ. ఎంతమంది పిల్లోళ్ళకు చెప్పినానో ఆ గాజుల చెయ్యి ఏదో. సిగ్గుతో చచ్చిపోతాండా ఈడ, నువ్వేమో పద్ధతి అంటావు."

కారు వెనక సీట్లో చిన్ని కిటికీలోంచి బయటికి చూస్తోంది. టీచరమ్మ గొంతు తగ్గించి అంది:

"అన్ని దొంగ తప్పులు చెప్తి. ఏనుగు రెక్కలు, పిల్లి మొరగడం. ఈమె పలికిందా? ఈమెకు తెలుసు, ముసిల్ది నాటకం ఆడతాందని. నిజం తప్పు కావాల్నంట ఈమెకు. నిజం తప్పు దొరికినాక ఆగలేకపాయ." ఇక నవ్వు ఆపుకోలేక చున్నీలో ముఖం దాచుకుంది.

ఆ తరువాత మా పిల్ల మాటల పుట్టగా మారిందని రాయలేను. మారలేదు. ఇప్పటికీ ఎవరైనా "నీ పేరేంటమ్మా" అంటే చెప్పదు. కానీ స్కూల్లో కేజీ టీచర్ బోర్డు మీద మంగళవారానికి బదులు సోమవారం అని రాస్తే లేచి చెప్పిందట. పక్క పిల్ల టిఫిన్ డబ్బా ఎవరో తీస్తే, అది నీది కాదంది. టీచర్ నాకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. నోటి పరీక్షలో కూడా, అవసరమైనంత వరకు, చాలా చిన్న గొంతుతో జవాబులు చెప్పింది. ఫస్ట్ క్లాసుకు వెళుతోంది. లిఫ్టులో ఎవరైనా దాన్ని ప్రశ్న అడిగితే నేనిప్పుడు గోడకు అంటించిన నోటీసు చదువుతూ నిలబడుతున్నాను. చాలా కష్టంగా ఉంటుంది. ఆ నోటీసు నాకు కంఠతా వచ్చేసింది.

టీచరమ్మ ప్రయాణం అంతలోనే వచ్చింది. భర్తకు కాంట్రాక్టు అయిపోయింది. పెట్టెలు కిందికి వెళ్ళిపోయాయి. కరాచీ ఆవిడ ఆమె మెడ పట్టుకుని, "పిల్లను తీసుకుపోతున్నారు మళ్ళీ," అంటూ ఏడ్చింది. ఈసారి పెళ్ళి జోకు ఎవరూ వెయ్యలేదు. టీచరమ్మ మా గుమ్మం దగ్గరకు వచ్చి, చిన్ని తల మీద చెయ్యి పెట్టి, వెళ్ళేటప్పుడు ఎవరైనా అనే మాటే అంది.

"పోయొస్తా బంగారూ."

చిన్ని తల పైకెత్తి ఆమెను చూసింది.

"రావు కదా. నీది ఫైనల్ ఎగ్జిట్ కదా. అమ్మ చెప్పింది."

నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళేవాళ్ళతో అలా అనకూడదమ్మా అని అనబోయాను. మన ఇళ్ళల్లో "పోతున్నా" అని ఎవరూ అనరు, మళ్ళీ రాని చోటికి వెళ్ళేవాళ్ళు కూడా వస్తామనే చెప్పి వెళతారు. టీచరమ్మ నన్ను చేత్తో ఆపింది. ఆమె కళ్ళు నిండాయి. నవ్వుతూనే ఉంది.

"అవును. తప్పు చెప్పినా. నేను రాను," అంది. "మరి నువ్వొస్తావా, ప్రొద్దుటూరికి?"

అదే ఆమె మా చిన్నిని ఆ లిఫ్టు తరువాత అడిగిన మొదటి ప్రశ్న. నేను నోరు తెరవబోయాను. సెలవులకు కాకినాడ వెళ్ళాలి, టికెట్లు కొనేశాం, ప్రొద్దుటూరు ఎక్కడ, కాకినాడ ఎక్కడ అని చెప్పడానికి. గోడ మీద నోటీసేమీ లేదు చదువుకోవడానికి. నోరు మూసుకుని నిలబడ్డాను.

"వస్తా," అంది చిన్ని. "ఎండాకాలం సెలవులకు వస్తా."

అప్పటి నుంచి ఈ ముక్క ఎవరికి చెప్పాలన్నా దానికి బిడియం లేదు. బకాలా మలయాళీ అన్నకు చెప్పింది. వాచ్‌మన్‌కు చెప్పింది. ఈరోజు సాయంత్రం కాకినాడ నుంచి అత్తగారు వీడియో కాల్ చేస్తే సోఫా కిందికి వెళ్ళకుండా ఎదురుగా కూర్చుని, "నాన్నమ్మా, మేము ముందు ప్రొద్దుటూరు వెళ్ళి, తరువాత మీ ఇంటికొస్తాం," అని చెప్పింది. ఆవిడ తన మనవరాలి గొంతు ఫోన్లో వినడం అదే మొదటిసారి. తరువాత నన్ను పిలిచి, "ప్రొద్దుటూరులో మనవాళ్ళెవరున్నారే?" అని అడిగింది.

ఉన్నారు అత్తయ్యా, అన్నాను.